పెళ్లి షూట్: రెండు కార్డు స్లాట్లు ఎలా వాడాలి, కార్డు చదవకపోతే ముందేం చేయాలి?

ఉప్పల్_క్లిక్: వచ్చే నెల శంషాబాద్‌లో పెళ్లి షూట్ ఉంది. కెమెరాకు రెండు ఎస్‌డీ స్లాట్లున్నాయి. ఒకటి నిండాక రెండోదాంట్లోకి వెళ్లేలా సెట్ చేసి ఉంది. జీలకర్ర బెల్లం ఫోటోలు పోతే మళ్లీ తీయలేం కదా. 128 జీబీ కార్డులు కొనాలా, 64వి చాలా? షూట్ మధ్యలో కార్డు ఎర్రర్ ఇస్తే ఏం చేయాలి?

నాగోల్_రా: ముందు ఆ ఓవర్‌ఫ్లో సెట్టింగ్ తీసేయండన్నా. అందులో ఏ ఫోటో అయినా ఒక్క కార్డులోనే ఉంటుంది. నికాన్‌లో 'బ్యాకప్', కేనన్‌లో 'రికార్డ్ టు మల్టిపుల్' పెడితే ప్రతి ఫోటో రెండింట్లోనూ పడుతుంది. రెండూ ఒకే వేగం కార్డులు కొనండి. ఒకటి నెమ్మదిదైతే బఫర్ (ఫోటోలు కార్డుకెక్కేదాకా కెమెరా దాచుకునే మెమరీ) దాని కోసమే ఆగుతుంది, సరిగ్గా తలంబ్రాల దగ్గర బరస్ట్ (వరసగా టపటపా ఫోటోలు తీయడం) నిలిచిపోతుంది. బ్యాకప్ ఉన్నప్పుడు 128లే నయం. రా ఫైలు (కుదించని అసలు ఫోటో ఫైలు) 30 ఎంబీ అనుకుంటే నాలుగు వేల పైచిలుకు పడతాయి, ముహూర్తం వేళ కార్డు మార్చే పనుండదు.

కోఠి_షట్టర్: సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, షూట్‌కు ముందే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కార్డు పరీక్షించే ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం నింపి చదివించండి. మ్యాక్, లినక్స్‌లో అదే పనికి ఎఫ్3 ఉంది. గంట పైనే పట్టొచ్చు, పట్టనివ్వండి. నకిలీ కార్డులో చిప్ చిన్నది, 128 అని అబద్ధం చెబుతుంది. అసలు సామర్థ్యం దాటాక ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, ఫోటోలు మాత్రం తెరుచుకోవు. నాలుగు ఫోటోలు తీసి చూస్తే ఇది బయటపడదు.

నాగోల్_రా: ఎర్రర్ వస్తే ఆ కార్డుతో ఇంకొక్క ఫోటో కూడా తీయొద్దు. కార్డు లైటు ఆరాక కెమెరా ఆపి, కార్డు తీసి, లాక్ మీట కిందికి జరిపి పక్కన పెట్టండి. ల్యాప్‌టాప్ 'ఫార్మాట్ చేయాలా' అంటే క్యాన్సిల్ కొట్టండి.

ఉప్పల్_క్లిక్: పొరపాటున ఓకే కొడితే?

కోఠి_షట్టర్: క్విక్ ఫార్మాట్‌లో మామూలుగా ఫైళ్ల పట్టికే పోతుంది, ఫోటోలు అడుగున ఉంటాయి. దానిమీద కొత్తవి రాస్తేనే అసలు నష్టం. పోయిన ఫోటోలు వెతికిచ్చే ఫోటోరెక్ ప్రోగ్రామ్ ఉచితం. ముందు కార్డు మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి, ఆ నకలు మీద ఫోటోరెక్ నడపండి. దొరికిన ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లో పడాలి, అదే కార్డులో కాదు. పాత పేర్లు రావు. కార్డే కనిపించకపోతే ముందు రీడర్ మార్చి చూడండి. అప్పటికీ కనిపించకపోతే సాఫ్ట్‌వేర్‌తో పని కాదు, చిప్ స్థాయిలో డేటా తీసే ల్యాబ్‌కే ఇవ్వాలి.

నాగోల్_రా: ఇంకొకటి. రెండు కార్డులూ కెమెరాలోనే ఉంటాయి, కెమెరా పోతే రెండూ పోయినట్టే. భోజనాల వేళ ఒకదాన్ని ఎస్‌ఎస్‌డీ (బయట తగిలించే డ్రైవ్)లోకి కాపీ చేసి, ఆ ఎస్‌ఎస్‌డీ వేరే మనిషి బ్యాగులో పెట్టించండి.