కంతు ఆగిన సభ్యురాలిని సంఘంలోంచి తీసేయాలా?

ప్రశ్న – రెండో లీడర్
మాది పదిమంది పొదుపు సంఘం. బ్యాంకు లింకేజీలో, అంటే సంఘం పేరున బ్యాంకు ఇచ్చే అప్పులో, 5 లక్షలు తీసుకుని తలా 50 వేలు పంచుకున్నాం. నెలకు తలా 1,600 కంతు. ఒకామె భర్త కాలు విరిగి మంచాన పడ్డాడు, మూడు నెలలుగా ఆమె కట్టలేకపోతోంది. రెండు నెలలు మేమే తలా కొంత వేసి కట్టాం. ఈ నెల మాత్రం మిగతావాళ్ల డబ్బు కూడా లీడరు దగ్గరే ఆగిపోయింది. ఆమె పొదుపు అప్పులో జమేసుకుని పేరు కొట్టేద్దామంటున్నారు. ఇన్నేళ్లలో ఒక్క మీటింగూ తప్పని మనిషి. ఏం చేయమంటారు?

జవాబు – లెక్కల అక్క
ముందు చేతిలో ఉన్న 14,400 రేపే బ్యాంకులో కట్టేయండి. ఒకరి వాటా తగ్గిందని మొత్తం ఆపడం అన్నిటికన్నా చేటు. అప్పు సంఘం పేరు మీద ఉంది. బకాయి 90 రోజులు దాటితే పదిమంది ఖాతా మొండి బకాయి అవుతుంది. సంఘాల అప్పుకు ప్రభుత్వమిచ్చే సున్నా వడ్డీ రాయితీ కూడా గడువులోగా కట్టినవాళ్లకే.

ఆమెను తీసేస్తే ఆమె అప్పు పోదు, మీ తొమ్మిదిమంది మీదే పడుతుంది. బయటికి పోయిన మనిషికి కట్టాలన్న పట్టూ ఉండదు. పైగా సంఘానికి మామూలుగా కనీసం పదిమంది కావాలి. ఒకరిద్దరు బాకీ పడ్డంత మాత్రాన సంఘానికి రుణం ఆపకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది, సంఘం బాకీ పడకుండా ఉంటే చాలు.

ఇలా సర్దండి. మూడు నెలల బాకీ, రాబోయే మూడు నెలల కంతు కలిపితే 9,600. దాన్ని మీ పొదుపు నిధిలోంచి ఆమెకు అంతర్గత అప్పుగా రాయండి. అందులో 3,200 మీరు వేసుకున్న డబ్బు, ఎవరిది వాళ్లకు తిరిగిచ్చేయండి. లేకపోతే అదే రేపు మనసులో ముల్లవుతుంది. 1,600 ఈ నెల బ్యాంకుకు. మిగతాది ఆమె చేతికివ్వకుండా నెలనెలా నేరుగా రుణ ఖాతాలో వేయండి. ఆ మూడు నెలలూ అయ్యాక ఆమె మామూలు కంతుతో పాటు ఈ అప్పు కింద 800 చొప్పున 12 నెలలు కడుతుంది. నూటికి రూపాయి వడ్డీ అయితే మొదట నెలకు 96, అసలు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది.

జవాబు – పాత యానిమేటర్ (ఊళ్లో సంఘాల పుస్తకాలు, మీటింగులు చూసిన కార్యకర్త)
పై లెక్క బాగుంది. అయితే లీడర్లిద్దరూ ముందు ఆమె ఇంటికి వెళ్లి రెండు సంగతులు కనుక్కోండి. 50 వేలూ ఆమే వాడుకుందా, ఆమె పేరున ఇంకొకరు తీసుకున్నారా? అలా తీసుకుంటే కట్టాల్సింది ఆ ఇంకొకరే. రెండోది, వారం వారం వసూలు చేసే ఫైనాన్సులో ఏమైనా తీసుకుందా? కంతు కోసం మీరు ఒత్తిడి పెడితే ఆమె పోయేది అక్కడికే. అప్పు తీర్చడానికి అప్పు, దాని మీద ఇంటి ముందు కూర్చునే వసూళ్లు, చావులు: 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి ఫైనాన్సులకు పగ్గం వేసే మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ వచ్చింది వీటివల్లే.

ఉండి కూడా కట్టనివాళ్ల విషయం వేరు. అది ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘంలో పెట్టాలి. ఈమె అలాంటిది కాదు, కాబట్టి మీటింగుకు రానక్కర్లేదని మాత్రం అనకండి. కంతు కట్టలేని మనిషి సిగ్గుతో మీటింగు మానేస్తుంది, అక్కడి నుంచే తెగిపోతుంది. నెలకు 50 అయినా పొదుపు వేయించండి.

ప్రశ్నించినవారు
తీర్మానం ఎలా రాయాలక్కా?

జవాబు – లెక్కల అక్క
తేదీ, హాజరైనవాళ్ల పేర్లు, అప్పు మొత్తం, కారణం, ఎన్ని నెలలు, నెలకు ఎంత, వడ్డీ ఎంత అన్నీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. ఆమెతో సహా పదిమందీ సంతకం పెట్టాలి. లీడర్లు మాత్రమే పెడితే రేపు 'మాకు తెలీదు' అంటారు. ఆమె పాసుపుస్తకంలోనూ అదే రోజు ఎక్కించండి.

అదే మీటింగులో అందరి బీమా చూసుకోండి. బ్యాంకు ఖాతా ద్వారా కట్టే ప్రధానమంత్రి బీమాల్లో, ప్రాణానికి జీవన జ్యోతి ఏడాదికి 436, ప్రమాదానికి సురక్ష 20. జీవన జ్యోతిలో 50 ఏళ్లలోపే చేరాలి.