8 అడుగుల డిష్ తూర్పున గురి తప్పుతోంది: లోపం మోటారుదా, స్తంభానిదా?

ప్రశ్న: మల్కాజిగిరి డాబా

అందరికీ నమస్కారం. మా డాబా మీద 8 అడుగుల జాలీ డిష్‌ను 36 వోల్టుల మోటారు గొట్టం, అంటే యాక్చువేటర్‌తో తిప్పుకుంటూ, పడమర చివరన 66 డిగ్రీల తూర్పు రేఖాంశంలోని ఇంటెల్‌శాట్ 17 మొదలుకొని తూర్పున 105.5 డిగ్రీల ఏషియాశాట్ 7 వరకు సీ బ్యాండ్ (పెద్ద డిష్‌తో అందుకునే తరంగాల) చానళ్లు చూస్తున్నాను. ఉపగ్రహాల స్థానాలన్నీ పొజిషనర్ బాక్సులో (డిష్‌ను తిప్పుతూ, ఎంత తిరిగిందో అంకెల్లో చూపే పెట్టెలో) సేవ్ చేసి ఉన్నాయి. అయితే వానలు మొదలైనప్పటి నుంచి, 93.5 డిగ్రీల నంబరు నొక్కితే డిష్ రెండు మూడు అంకెల ముందే ఆగిపోతోంది. ప్రతి సాయంత్రం చేత్తో తూర్పుకు జరుపుకోవలసి వస్తోంది; జరిపి సేవ్ చేసినా వారం తిరిగేసరికి మళ్లీ అదే కథ. ఇది చాలదన్నట్టు, 105.5 దగ్గర ఎంత సరిచేసినా సిగ్నల్ క్వాలిటీ 45 దాటడం లేదు. మొన్న విసుగొచ్చి డిష్ కింది అంచును చేత్తో పైకెత్తి పట్టుకుంటే 60కి ఎగబాకింది! యాక్చువేటర్ మార్చాలా, డిష్‌ను మొదటి నుంచి బిగించుకోవాలా అన్నది తేల్చుకోలేక అడుగుతున్నాను. స్తంభం నాలుగంగుళాల ఇనుప పైపు. దక్షిణ దిక్కును ఫోన్‌లోని దిక్సూచి చూసి పెట్టాను.

జవాబు: పాత సీ బ్యాండ్ అభిమాని

మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. రెంటికీ ఒకే మందు వెతికితే ఏదీ నయం కాదు. రోజురోజుకూ పెరిగే తేడా లెక్కకు సంబంధించినది. ఎప్పుడు చూసినా ఒకే చోట ఒకే మోతాదులో కనిపించే తేడా బిగింపుకు సంబంధించినది. ముందు మొదటిదాని సంగతి చూద్దాం.

యాక్చువేటర్ లోపల పళ్లచక్రంతో పాటు తిరిగే చిన్న అయస్కాంతాలు రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే చిన్న స్విచ్) ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒక పల్సు పుడుతుంది. పొజిషనర్ బాక్సు ఆ పల్సులను లెక్కపెట్టుకుంటుందే తప్ప, డిష్ నిజంగా ఎక్కడుందో దానికి తెలియదు. కాబట్టి పల్సు ఒకటి ఎగిరిపోయినా, మోటారు బ్రష్‌ల నిప్పురవ్వల వల్ల లేని పల్సు ఒకటి చేరినా, ఆ తప్పు చెరిగిపోకుండా తర్వాతి కదలికలకు కలుస్తూ పోతుంది. రెండు దిక్కులలోనూ సమానంగా తప్పితే వెళ్లిరావడంలో సరిపోయేది. మీకు ఒకే వైపు పేరుకుంటున్నదంటే, ఏదో ఒక దిక్కుకు తిరిగేటప్పుడే ఎక్కువ తప్పుతున్నదన్నమాట.

యాక్చువేటర్ మార్చే ముందు ఒక పని చేయండి. డిష్‌ను 78.5 దగ్గర ఆపి, లోపలి గొట్టం బయటి గొట్టంలోకి దూరే అంచు వెంబడి మార్కర్‌తో సన్నని గీత గీసి, బాక్సులోని అంకెను రాసుకోండి. తర్వాత 66కీ 93.5కీ మధ్య పదిసార్లు తిప్పి, మళ్లీ అదే అంకెకు రప్పించండి. గీత జరిగితే సెన్సార్ గానీ వైరు గానీ దోషి. గీత సరిగ్గా ఉండి కూడా సిగ్నల్ రాకపోతే, తిరిగే కీలు దగ్గరి వదులునో బోల్టులనో పట్టుకోవాలి. సెన్సార్ వైరు, మోటారు వైరు ఒకే కట్టగా ఉన్నాయా అన్నది కూడా చెప్పండి.

మల్కాజిగిరి డాబా

గీత మూడు మిల్లీమీటర్లు జరిగింది, అదీ పడమరకే. వైర్ల విషయంలో మీ అనుమానం నిజమే. నాలుగు తీగలూ ఒకే మామూలు కేబుల్‌లో పాతిక మీటర్లు కిందికి వస్తున్నాయి.

జవాబు: ఉప్పల్ నుంచి ఒకరు

వైరు సంగతి తేలిపోయింది కాబట్టి నేను 105.5 గురించి రాస్తాను. హైదరాబాద్ రేఖాంశం దాదాపు 78.5 డిగ్రీలు. థాయ్‌కామ్ ఉపగ్రహాలు ఉన్నదీ అక్కడే గనుక, మనకు ఆకాశంలో ఉపగ్రహాలు విల్లులా బారుతీరిన వరుసలో నడిశిఖరం అదే. అది మన దక్షిణాన నేల నుంచి 69.6 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి 66 కేవలం 12.5 డిగ్రీల దూరం, 105.5 ఏకంగా 27 డిగ్రీల దూరం. అంచువైపు పోయే కొద్దీ విల్లు నిటారుగా దిగుతుంది కాబట్టి, స్తంభం మీది మౌంట్ (డిష్‌ను మోసే చట్రం) ఒకటిన్నర డిగ్రీలు పక్కకు తిరిగి ఉన్నా పడమర మీకు తేడా అంతగా తెలియదు. తూర్పు చివర మాత్రం డిష్ ఒక డిగ్రీకి పైగా కిందికి చూస్తుంది. 8 అడుగుల డిష్‌కు సీ బ్యాండ్‌లో చూపు వెడల్పు మొత్తం రెండు డిగ్రీల పైచిలుకే గనుక, క్వాలిటీ పడిపోక ఏమవుతుంది?

ఇప్పుడు 66 దగ్గర కింది అంచును కొద్దిగా కిందికి నొక్కి చూడండి. అక్కడ నొక్కితే, 105.5 దగ్గర ఎత్తితే క్వాలిటీ పెరుగుతున్నదంటే, మీ విల్లు శిఖరం పడమరకు వాలి ఉన్నట్టు. మౌంట్‌ను తూర్పుకు తిప్పాలి. రెండు చోట్లా ఎత్తవలసి వస్తేనో, రెండు చోట్లా నొక్కవలసి వస్తేనో, తప్పు దిక్కుది కాదు, మౌంట్ ఇరుసుకు పెట్టే 17.4 డిగ్రీల అక్షాంశపు కోణానిది లేదా దానిపైన డిష్‌కు అదనంగా ఇచ్చే 3 డిగ్రీల వంపు, అంటే డిక్లినేషన్‌ది. అంతకంటే ముందు స్తంభాన్ని రసమట్టంతో రెండు వైపులా చూడండి. స్తంభం వాలి ఉంటే ఈ లెక్కలన్నీ వృథా.

ఇనుప పైపు పక్కన ఫోన్ దిక్సూచిని నమ్మకండి. తూకపు గుండును దారంతో వేలాడదీసి, ఆ రోజు సూర్యోదయ సూర్యాస్తమయాల సరిగ్గా నడిమి సమయానికి దారం నీడ వెంబడి గీత గీస్తే అదే ఉత్తర దక్షిణ రేఖ. ఆ రెండు సమయాలూ ఇంట్లోని పంచాంగంలో దొరుకుతాయి. మన ఊళ్లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి, ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నీడే పడదు.

తిప్పేటప్పుడు చేయి అదుపులో పెట్టుకోండి. నాలుగంగుళాల పైపు బయటి వ్యాసం 114 మిల్లీమీటర్లు గనుక, దాని చుట్టు మీద ఒక డిగ్రీ అంటే ఒక్క మిల్లీమీటరు. పైపు మీద, మౌంట్ మీద కలిసేలా నిలువు గీత గీసుకొని, బోల్టులు కొద్దిగానే వదులు చేసి, గీతలు ఎడబడటం చూస్తూ తిప్పండి.

జవాబు: బోయిన్‌పల్లి

వానలతో మొదలైందన్నారు కాబట్టి మోటారు మూత కూడా విప్పి చూడండి. నీరు దిగే రంధ్రం కింది వైపుకు ఉండాలి. మా డిష్‌కు బిగించినాయన దాన్ని పైకి పెట్టి పోయాడు. మూత తీస్తే అరగ్లాసు నీళ్లు కారాయి, రీడ్ స్విచ్ కాళ్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

మల్కాజిగిరి డాబా

ముగ్గురికీ ధన్యవాదాలు. మూత విప్పాను, నీళ్లు లేవు గానీ స్విచ్ కాళ్లకు కొద్దిగా చిలుము ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో కొత్త రీడ్ స్విచ్, సెన్సార్‌కు విడిగా షీల్డ్ (తీగల చుట్టూ లోహపు తొడుగు) ఉన్న వైరు తెచ్చి వేశాను. షీల్డ్‌ను బాక్సు వైపు మాత్రమే కలిపాను. పదిసార్లు తిప్పినా గీత కదలలేదు.

దారం నీడ గీతతో పోలిస్తే మౌంట్ పడమరకు తిరిగి ఉన్నదని తేలింది. 66 దగ్గర నొక్కితే క్వాలిటీ ఐదు అంకెలు పెరిగింది, అంటే ఉప్పల్ గారు చెప్పిన గుర్తే. పానాతో బోల్టులు వదులు చేసి, ఒకటిన్నర మిల్లీమీటర్లు తూర్పుకు తిప్పి బిగించాను. ఉపగ్రహాల స్థానాలన్నీ మళ్లీ సేవ్ చేసుకోవలసి వచ్చింది. ఇప్పుడు 105.5 దగ్గర 62 వస్తోంది, అంచు ఎత్తినా నొక్కినా తగ్గుతోందే గానీ పెరగడం లేదు. పడమర నుంచి వచ్చి ఆగినదానికీ తూర్పు నుంచి వచ్చి ఆగినదానికీ మధ్య 93.5 దగ్గర ఒక అంకె తేడా మిగిలింది. కీలు బుష్ అరిగినట్టుంది. అది మార్చేవరకు ప్రతి ఉపగ్రహానికీ పడమర వైపు నుంచే వచ్చి ఆగేలా చూసుకుంటున్నాను.