పాత్ర ముఖమూ బట్టలూ మార్చుకునే సదుపాయం ఆటలో ఆనందాన్ని నిజంగా పెంచుతుందా?

మారతహళ్ళి పీజీవాసి:

బెంగళూరు ఎస్పీ రోడ్డులో గ్రాఫిక్స్ కార్డు కొని ఎల్డెన్ రింగ్ అనే కంప్యూటర్ ఆట మొదలుపెట్టిన రోజున, నేను పాత్ర ముక్కు, దవడ, చర్మపు ఛాయ సరిదిద్దుతూ రాత్రి భోజనాల వేళ దాకా కూర్చున్నాను. నా గదిలోనే ఉండే కర్నూలు మిత్రుడు మాత్రం తెరపై మొదట కనిపించిన ముఖాన్నే ఎంచుకుని, ఆ సమయానికి ఆట మొదట్లోనే ఎదురయ్యే ట్రీ సెంటినెల్ అనే శత్రువు చేతిలో చస్తూ లేస్తూ పోరాటంలో మునిగిపోయాడు. "ఎలాగూ హెల్మెట్ పెట్టేస్తావు, ఆ ముక్కు ఎవరికి కనిపిస్తుంది?" అన్నది అతని వాదన. పాత్ర బలాన్ని గానీ వేగాన్ని గానీ ఏమాత్రం మార్చని ఈ అలంకరణ వల్ల ఆటలో ఆనందం పెరుగుతుందా, లేక అది మొదటి రోజు మోజేనా? అనుభవమున్నవారు తెలుపగలరు.

సీమ ఆటగాడు, వైట్‌ఫీల్డ్:

మీ మిత్రుడి ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. పాత్రలో ఏ భాగం మన కళ్ళకు ఎంతసేపు కనిపిస్తుందన్న దాన్ని బట్టే అలంకరణకు విలువ వస్తుందని నా అభిప్రాయం. ఎల్డెన్ రింగ్‌లో మనం గంటల తరబడి చూసేది పాత్ర వీపునే గనుక, అక్కడ ముఖం కంటే కవచం అందమే ముఖ్యం. 2020 డిసెంబరులో వచ్చిన సైబర్‌పంక్ 2077లో పళ్ళ నుంచి గోళ్ళ దాకా అన్నీ ఎంచుకోవచ్చు. కానీ ఆట దాదాపు అంతా పాత్ర కళ్ళలోంచే సాగుతుంది కాబట్టి, అద్దం ముందు నిలబడితేనో, సామాన్ల తెర తెరిస్తేనో తప్ప ఆ ముఖం సరిగా కనిపించదు. పైగా ఆ కొత్తలో ఎక్కువ రక్షణనిచ్చే బట్టలనే తొడగవలసి రావడంతో, శ్రద్ధగా మలచుకున్న పాత్ర కాస్తా పగటివేషగాడిలా తయారయ్యేది. 2022 సెప్టెంబరు నాటి 1.6 అప్‌డేట్‌లో, రక్షణ ఒక జతది, రూపం మరొక జతది అయ్యేలా వార్డ్‌రోబ్ పెట్టారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట ఈ పనిని 2011లోనే చేసింది. ఆటగాళ్ళకు పట్టింపే లేకపోతే ఇంత శ్రమ ఎవరూ పడరు.

అలాగని ఇది లేని ఆట చప్పగా ఉంటుందనీ అనలేము. 2015 నాటి విచర్ 3లో మనకు దక్కేది ప్రధానంగా కథానాయకుడు గెరాల్ట్ ఒక్కడే. మంగలి దగ్గరకు వెళ్ళి జుట్టూ గడ్డమూ మార్పించుకోవచ్చు, వదిలేస్తే గడ్డం దానంతటదే పెరుగుతుంది. కథ అతనిది గనుక వెలితి తోచదు. పేరూ ఊరూ లేని పాత్రను చేతికి ఇచ్చినప్పుడే, ముఖమైనా మనది కావాలనిపిస్తుంది.

కోరమంగళ గురి:

సీమ ఆటగాడు గారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, అలంకరణ ఆటను మార్చదన్నది అన్నిచోట్లా నిజం కాదు. కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్ అనే తుపాకుల ఆటలో రోజ్ అనే పాత్ర నల్లటి దుస్తులు చీకటి మూలల్లో ఎదుటివారికి ఆనవాలు దొరక్కుండా చేయడంతో ఎందరో వాటినే వేసుకోసాగారు. చివరకు 2021లో తయారీదారులే వాటి రంగును సవరించవలసి వచ్చింది. 2020లో మొదలైన వాలరెంట్ అనే కాల్పుల ఆట తుపాకులకు స్కిన్లు (పైపై అలంకరణలు) పెట్టింది గానీ ఏజెంట్ల, అంటే మనం ఆడే పాత్రల, వేషం జోలికి పోలేదు. ఎదురుపడ్డది ఎవరో రెప్పపాటులో పోల్చుకోలేకపోతే అక్కడ ఆటే చెడిపోతుంది మరి. రస్ట్ అనే ఆటది ఇంకో విడ్డూరం: 2015, 2016లలో చేసిన మార్పులతో పాత్ర చర్మపు రంగు ఏమిటో, ఆడో మగో ఆటే స్టీమ్ (ఆటలు కొనుక్కునే వేదిక) ఖాతాను బట్టి నిర్ణయించేలా చేశారు. మార్చుకునే వీలు ఇవ్వలేదు. అయినా జనం ఆడుతూనే ఉన్నారు.

ఇందిరానగర్ నిశాచరుడు:

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2006లో ఆబ్లివియన్ ఆటకు గుర్రపు కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మితే లోకమంతా వెక్కిరించింది. ఇప్పుడు ఫోర్ట్‌నైట్ ఆటను ఉచితంగా ఇచ్చి, వేషాలు అమ్ముకునే బతుకుతోంది. నా మటుకు, సొంతంగా మలచుకున్న ముఖం ఇచ్చే తృప్తి బీజీఎంఐ అనే ఫోన్ ఆటలో క్రేట్ (ఏమొస్తుందో తెలియని బహుమతి పెట్టె) తెరిస్తే అదృష్టం కొద్దీ వచ్చిన సూటు ఇవ్వదు. అది లాబీలో (ఆట మొదలయ్యే ముందు అందరూ వేచి ఉండేచోట) నలుగురూ చూసేదాకే.

ప్రశ్న వేసినవారికి ఒక సూచన. పాత్రను తయారుచేసే తెరలోని వెలుతురు వేరు, ఎల్డెన్ రింగ్ మొదలయ్యే లిమ్‌గ్రేవ్ ప్రాంతపు ఎండ వేరు. ఒకచోట కుదిరిన ఛాయ రెండోచోట పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఆటలో తర్వాత చేరే రౌండ్‌టేబుల్ హోల్డ్ అనే స్థావరంలో ఫియా అనే పాత్ర ఉండే గదిలోని అద్దం దగ్గర రూపాన్ని ఎన్నిసార్లైనా ఉచితంగా మార్చుకోవచ్చు గనుక, ముందు స్థూలంగా ఒక రూపం ఇచ్చి ఆట మొదలుపెట్టి, మిగిలిన సవరింపులు అక్కడికి చేరాక చేసుకోండి.