చేపల సర్వేలో సీటీడీ: లవణీయత గీతలో ముల్లు పోవడం లేదు

పడవలో ఉన్నాను
రాత్రి పదకొండింటికి కూర్చున్నాను, ఇప్పుడు రెండు దాటింది. సీటీడీ (నీటి విద్యుత్ వాహకత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం) డేటాలో లవణీయత, అంటే నీటి ఉప్పదనం, గీత గీస్తే సుమారు 40 మీటర్ల దగ్గర పెద్ద ముల్లు వస్తోంది. పైన 34.6, కింద 34.9. ఆ మధ్యలో ఒక్కసారిగా 34.1కి పడిపోయి మళ్లీ లేస్తోంది. దాంతో సాంద్రత లెక్క వేస్తే బరువైన నీటి కింద తేలికైన నీరు ఉన్నట్టు చూపిస్తోంది. అలా నీరు నిలవదని నాకూ తెలుసు. ఐదు కొలతల సగటు తీశాను, పది తీశాను. ముల్లు మొద్దుబారింది కానీ పోలేదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. ఇరవై స్టేషన్లలోనూ (వల దించిన చోట్లలో) ఇదే వరస. ఈ డేటాను పాత సంవత్సరాల పక్కన పెట్టి, నీరు వేడెక్కుతుంటే చేపలు ఎటు జరుగుతున్నాయో చూడాలి. ఆరింటికి మళ్లీ వల దించుతాం. ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

లోతుమనిషి
పంపు ఉన్న పరికరమా, లేనిదా? సెకనుకు ఎన్ని కొలతలు? ఎంత వేగంతో దించారు? ఇవి చెప్పకుండా జవాబు ఉండదు.

ఉప్పులెక్క
ముందు ఒక మాట. 34.6 అని ఊరికే రాశారు, మంచిది. చాలామంది పక్కన పీఎస్‌యూ (ప్రాక్టికల్ సాలినిటీ యూనిట్) అని తగిలిస్తారు, అది తప్పు. 1978 కొలమానం ప్రకారం లవణీయత అంటే వాహకతల నిష్పత్తి నుంచి వచ్చే సంఖ్య, దానికి ప్రమాణం (యూనిట్) ఉండదు. 2010 నుంచి వాడుకలోకి వచ్చిన టీయోస్-10 అనే సముద్రజల లెక్కల పద్ధతిలో పరమ లవణీయత వేరు, అది కిలోకు గ్రాముల్లో ఉంటుంది. పాత కొలమానంలో 35 అంటే ప్రామాణిక సముద్రజలానికి కొత్త లెక్కలో సుమారు 35.165. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ ఒక ఏడాది ఒకటి, మరో ఏడాది మరొకటి భద్రపరిస్తే మధ్యలో 0.165 మెట్టు వస్తుంది. రేపు ఎవరో దాన్ని వాతావరణ మార్పు అని రాస్తారు. భద్రపరిచేది ఎప్పుడూ పాత కొలమానంలోనే ఉండాలి. మీ ఫైలు మొదటి వరుసల్లో ఏ కొలమానమో రాసి ఉందా?

పడవలో ఉన్నాను
ఉప్పులెక్క గారూ, నేను అడిగింది ప్రమాణాల గురించి కాదండీ. ముల్లు గురించి.
లోతుమనిషి గారూ, పంపు లేదు. సెకనుకు నాలుగు కొలతలు. వేగం విడిగా చూడలేదు, వలతో పాటే దిగుతుంది కదా.

లోతుమనిషి
వలతో పాటా?

పడవలో ఉన్నాను
అవును. ట్రాల్ వల (పడవ వెనక లాగే వల) నోటి పైతాడుకు కట్టాం. చేపల సర్వే అంటే అందరూ అలాగే కడతారనుకుని రాయలేదు.

లోతుమనిషి
అందరూ కట్టరు. కొందరు వల వేసే ముందు వించ్ తీగకు కట్టి నిలువుగా దించుతారు. మీ సమస్య సగం ఇక్కడే ఉంది.

ఉష్ణోగ్రత సెన్సర్, వాహకత కొలిచే గొట్టం ఒకే నీటిని ఒకే క్షణంలో కొలవవు. ఉష్ణోగ్రత సెన్సర్ కాస్త ఆలస్యంగా స్పందిస్తే, చల్లటి నీటిలోకి దిగాక కూడా అది వెచ్చటి నీటినే చూపిస్తుంటుంది. వాహకత మాత్రం అప్పటికే పడిపోయి ఉంటుంది. లవణీయతను ఈ రెండింటి నుంచే లెక్కగడతారు కాబట్టి ఫలితం తక్కువ వస్తుంది. 0.1 డిగ్రీ పొరపాటుకు లవణీయతలో 0.1కి దగ్గరగా తేడా పడుతుంది. పంపు ఉంటే గొట్టంలోకి నీరు ఒకే వేగంతో వస్తుంది, ఆలస్యం స్థిరంగా ఉంటుంది, సరిదిద్దడం తేలిక. పంపు లేకపోతే వల వేగాన్ని బట్టి ఆలస్యం మారుతుంది.

ఒక పరీక్ష చేయండి. వల దిగేటప్పటి గీత, పైకి వచ్చేటప్పటి గీత పక్కపక్కన పెట్టండి. దిగేటప్పుడు ముల్లు కిందికి, ఎక్కేటప్పుడు పైకి ఉంటే అది ఈ ఆలస్యమే. రెండింట్లోనూ ఒకే వైపు ఉంటే ఆలస్యం కాదు, నీటిలోనే ఏదో ఉంది. సగటు తీసి ముల్లును మొద్దు చేయకండి. తప్పు పోదు, పక్క కొలతలకు పాకుతుంది.

వలతాడు
లవణీయత కోసం ఇంత కష్టపడుతున్నారు కానీ, చేపల సర్వేకు ప్రాణం అడుగు నీటి ఉష్ణోగ్రత. ఈ మాట ఎన్నిసార్లైనా చెబుతాను. ఉపగ్రహం చూసేది సముద్రపు పైచర్మాన్ని. అడుగున ఉండే చేపకు తగిలే నీటిని వల దగ్గరే కొలవాలి. అలాస్కా పక్కనున్న తూర్పు బేరింగ్ సముద్రాన్ని చూడండి. అక్కడ 1982 నుంచి వేసవుల్లో ఒకే పద్ధతిలో అడుగు ట్రాల్ సర్వే చేస్తున్నారు, 2020 ఒక్కటే తప్పిపోయింది. శీతకాలపు మంచు కరిగాక అడుగున మిగిలే 2 డిగ్రీల లోపు నీటిని అక్కడ కోల్డ్ పూల్ అంటారు. పొలాక్, కాడ్ చేపలకు అది గోడలాంటిది. 2018లో ఆ చల్లటి నీరు దాదాపు కనిపించలేదు, చేపలు ఉత్తరానికి దాటాయి. వల దగ్గర కొలవకపోతే ఆ సంగతి ఎవరికి తెలిసేది?

మీరు అడుగు ఉష్ణోగ్రత అని రాస్తున్నది ఏ నిమిషాల సగటు? వల నేలకు తగిలిన దగ్గర నుంచి లేచే వరకే తీసుకోవాలి. దిగుతున్న నిమిషాలు కలిస్తే సర్వే అంతా వెచ్చగా కనిపిస్తుంది.

ఉప్పులెక్క
పైచర్మం అన్నది కూడా వివరించాలి. పరారుణ కిరణాలతో చూసే ఉపగ్రహం మిల్లీమీటరులో చిన్న భాగాన్నే చూస్తుంది, సూక్ష్మతరంగాలతో చూసేది మరి కొంచెం లోతు. రెండూ ఒకటి కావు.

పడవలో ఉన్నాను
లోతుమనిషి గారూ, పెట్టి చూశాను. అద్దంలో బొమ్మలా ఉంది. దిగేటప్పుడు 34.1కి పడింది, ఎక్కేటప్పుడు 35.3కి లేచింది. ఉష్ణోగ్రతను అర సెకను ముందుకు జరిపితే ముల్లు మూడో వంతుకు తగ్గింది. కానీ ఇంకోటి బయటపడింది. 120 మీటర్ల లోతున, ముల్లు లేని చోట కూడా చివరి ఆరు స్టేషన్లలో లవణీయత ముందు స్టేషన్ల కంటే 0.2 తక్కువ.

అలజడి
లోతు అని రాస్తున్నారు, మీ పరికరం కొలిచేది పీడనం. 1000 డెసిబార్ల పీడనం అంటే సుమారు 990 మీటర్ల లోతు. ఏది వాడుతున్నారో చెప్పండి.

వలతాడు
120 మీటర్ల దగ్గర ఆ తేడా మీటరు లోపే అండీ. ఇప్పుడు అది అడ్డం కాదు.

అలజడి
ఇప్పుడు కాకపోవచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత రెండు వరుసలను కలిపేవాళ్లకు అడ్డమవుతుంది. పేరు సరిగ్గా పెట్టమనే నేను అనేది.

లోతుమనిషి
గొట్టం లోపల చూడండి. అందులో ఏది అడ్డం పడినా వాహకత తక్కువ చూపిస్తుంది, లవణీయత కూడా తక్కువే వస్తుంది. టార్చి వేసి ఒక చివర నుంచి చూడండి. పుల్లలతో, బ్రష్షుతో పొడవకండి, ఎలక్ట్రోడ్లు పాడవుతాయి. మంచినీళ్లు పారించి కడగండి.

పడవలో ఉన్నాను
దొరికింది. గాజు గొట్టం గోడకు జెల్లీచేప జిగురు దారంలా అంటుకుని ఉంది, దానికి బూడిదరంగు బురద రేణువులు పట్టి ఉన్నాయి. టార్చి పక్కగా వేస్తేనే కనిపించింది, నేరుగా వేస్తే గాజులో కలిసిపోతోంది. నాలుగుసార్లు నీళ్లు పారిస్తే ఊడింది. ఒకే బకెట్ సముద్రపు నీటిలో కడగక ముందు 34.41, కడిగాక 34.62.

మరి ఆ ఆరు స్టేషన్లకు 0.2 కలిపేయనా?

లోతుమనిషి
కలపకండి. ఏ లాగుడులో చేరిందో, తర్వాత పెరిగిందో తెలియదు. నీటి నమూనాల సీసాలు పట్టారా? వాటిని సాలినోమీటర్‌లో (నమూనా లవణీయత కొలిచే పరికరంలో) కొలిస్తేనే దిద్దుబాటు ఎంతో తేలుతుంది. లేకపోతే ఆ ఆరింటి లవణీయతకు సందేహం గుర్తు పెట్టి, ఉష్ణోగ్రత మాత్రం వాడండి, దానికి ఈ జిగురుతో సంబంధం లేదు. ముడి ఫైలును ముట్టుకోవద్దు. సెన్సర్ వరుస సంఖ్య, క్రమాంకనం చేసిన తేదీ, ఈ రోజు కడిగిన సమయం పుస్తకంలో రాయండి.

వలతాడు
గొట్టం నోరు వల సాగే దిక్కుకు ఉండేలా కట్టండి. అడ్డంగా ఉంటే నీరు సరిగా పారదు.

పడవలో ఉన్నాను
రెండు స్టేషన్లలోనే సీసాలు పట్టాం. వించ్ మొదలైంది, వెళ్లాలి. ధన్యవాదాలండీ.

ఉప్పులెక్క
ఆ రెండు సీసాలూ ఏ స్టేషన్లవి? జిగురు పట్టక ముందువా, తర్వాతవా?