బైపోలార్ ఉందని సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) ఆపారు. పోరాడాలా, వదిలేయాలా?

నిద్రలేని_రాత్రి:
వర్జీనియాలో డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం. సిటిజన్ అయి నాలుగేళ్లు. నాకు బైపోలార్ (మూడ్ విపరీతంగా మారిపోయే మానసిక జబ్బు). రెండేళ్ల కింద బాగానే ఉన్నానుకదా అని మందులు నేనే మానేసి, ఆసుపత్రి పాలయ్యాను. ఇప్పుడు గైడ్‌లైన్ ఐ (మానసిక ఆరోగ్యానికి సంబంధించిన నియమం) కింద ఎస్‌ఓఆర్ (క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదో కారణాలు చెప్పే నోటీసు) వచ్చింది. జవాబుకి 20 రోజులు, అందులో ఆరు టెన్షన్‌తోనే గడిచిపోయాయి. మా ఆయన ‘వదిలెయ్, వేరే ఉద్యోగం చూసుకో’ అంటున్నారు.

పాత_కాపు:
మీవారి మాటే నయం. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని 1988లో ఈగన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది. అనుమానముంటే దేశభద్రత వైపే మొగ్గుతారు. లాయర్‌కి డబ్బు పోయడం తప్ప ఏముంది? అసలు క్లియరెన్స్ ఫారంలో జబ్బు సంగతి రాయకపోతే గొడవే లేదు.

గోంగూర_పచ్చడి:
ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. ఆ ఫారం, అంటే ఎస్‌ఎఫ్-86లో, 21వ సెక్షన్ బైపోలార్‌ని పేరుపెట్టి అడుగుతుంది. దాచితే గైడ్‌లైన్ ఇ (నిజాయితీ, ప్రవర్తనల నియమం) కూడా మెడకు చుట్టుకుంటుంది, పైగా నేరం.
మేడమ్, ఎస్‌ఓఆర్ ఆఖరి తిరస్కరణ కాదు. కౌన్సెలింగ్‌కి వెళ్లినంత మాత్రాన తప్పుపట్టకూడదని 2017 నుంచి అమల్లో ఉన్న గైడ్‌లైన్లలోనే ఉంది. మీ చిక్కు జబ్బుతో కాదు, మందులు మానేయడంతో. కాబట్టి ఎస్‌ఓఆర్‌లో ఆ సంగతి ఉన్న పేరాకి ‘ఒప్పుకుంటున్నాను’ అని రాసి, ఆ తర్వాత ఒక్క డోసూ తప్పలేదని చూపించండి. జడ్జి ముందు హియరింగ్ కావాలని ఆ జవాబులోనే అడగాలి, మర్చిపోకండి.

పాత_కాపు:
దాచమన్న మాట తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ ‘పేషెంట్ బాగున్నారు’ అని డాక్టరు ఒక్క లైను రాసిస్తే జడ్జి నమ్ముతాడా? ఓడితే అప్పీలు ఉందిగా అంటారు, ఆ బోర్డు కొత్త సాక్ష్యం తీసుకోదు. జడ్జి తప్పు చేశాడా అన్నదే చూస్తుంది.

గోంగూర_పచ్చడి:
అందుకే అన్నీ జడ్జి ముందే పెట్టాలంటున్నాను! జబ్బు అదుపులో ఉందా, మళ్లీ తిరగబెట్టే అవకాశమెంత, ఈ రెండిటికీ సైకియాట్రిస్టు వివరంగా రాయాలి. ఫార్మసీ రీఫిల్ రికార్డు కూడా తెప్పించండి. నేను నెగ్గింది దాంతోనే.

నిద్రలేని_రాత్రి:
ఫార్మసీ నుంచి 22 నెలల లిస్టు వచ్చింది. ఒక్కచోట ఎనిమిది రోజులు ఖాళీ. గుండె జారిపోయింది. అప్పుడు విజయవాడలో ఉన్నాను, లిథియం (నా బైపోలార్ మందు) అక్కడే కొన్నాను. బిల్లు అమ్మ బీరువాలో ఉండాలి. రాత్రే ఫోన్ చేసి వెతకమన్నాను. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.