ప్రోటీను హరితరేణువుకు అంటుకున్నా లోపలికి ఎందుకు పోవడం లేదు?

గుణుపురం విద్యార్థిని: నిన్న సాయంత్రం నుంచి ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయాను. బఠానీ ఆకుల నుంచి వేరుచేసిన పత్రహరితంలోకి రూబిస్కో (కార్బన్ డయాక్సైడును పట్టే ఎంజైము) చిన్న ఉపప్రమాణపు పూర్వగామిని, అంటే ఇంకా కోత పడని రూపాన్ని, పంపే ప్రయోగం అది. ప్రోటీను పైపొరకు అంటుకుంటోంది కానీ దాని బరువు 20 కిలోడాల్టన్ల నుంచి 14కు తగ్గడం లేదు, ప్రోటీన్లను కోసే థర్మోలైసిన్ అనే ఎంజైము వేస్తే జెల్ మీద ఆ 20 పట్టీ కూడా మాయమవుతోంది. సంకేత పెప్టైడ్ చెడిందని రాస్తే తప్పన్నారు. దయచేసి కారణం చెప్పండి.

రాయగడ మాస్టారు: అమ్మా, పత్రహరితం వర్ణకం, మీరు అడుగుతున్నది హరితరేణువు గురించి. సంకేత పెప్టైడ్ ఎండోప్లాస్మిక్ జాలకానికి దారి చూపేది, దాన్ని రైబోజోము మీద ప్రోటీను తయారవుతుండగానే గుర్తిస్తారు. ఇక్కడ ఉండేది ట్రాన్సిట్ పెప్టైడ్, అంటే ప్రోటీనుకు హరితరేణువు దారి చూపే ముక్క, ఇది తయారీ పూర్తయ్యాక పనిచేస్తుంది. ఈ తేడా వదిలేస్తే విషయమే అర్థం కాదు.

బరంపురం పరిశోధకుడు: ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఎంత వేశారు? వెలుతురా, చీకటా?

జయపురం మిత్రుడు: స్ట్రోమా, అంటే హరితరేణువు లోపలి ద్రవభాగం, చేరడం సగం ప్రయాణమే. అక్కడి నుంచి థైలకాయిడ్ అనే లోపలి పొర సంచిలోకి ప్లాస్టోసయనిన్ అనే ప్రోటీను సెక్ మార్గంలో ఏటీపీతో వెళ్తే, ట్యాట్ మార్గం ప్రోటాన్ల తేడా మీద నడుస్తుంది. అది చదవకుండా జవాబు రాయకూడదు.

బరంపురం పరిశోధకుడు: రూబిస్కో స్ట్రోమాలోనే ఉంటుంది. ఆ మార్గాలు ఇక్కడ వద్దు.

గుణుపురం విద్యార్థిని: నేను ఒడియా మాధ్యమంలో చదివాను, మాటలు తప్పితే మన్నించండి. గొట్టాన్ని 25 డిగ్రీల వద్ద చీకటిలో ఉంచారు, జీటీపీ (ఏటీపీ లాంటిదే మరో అణువు), 50 మైక్రోమోలార్ల ఏటీపీ వేశారు. ఇవి అక్కరకు వస్తాయనుకోలేదు.

బరంపురం పరిశోధకుడు: జవాబు అందులోనే ఉంది. అంటుకుందంటే హరితరేణువు పైపొర మీది గ్రాహకాలు టాక్159, టాక్34 ట్రాన్సిట్ పెప్టైడ్‌ను గుర్తించినట్టే, కాబట్టి అది చెడలేదు. టాక్75 రంధ్రంలో ఇరుక్కోవడానికి 100 మైక్రోమోలార్ల లోపు ఏటీపీ చాలు కానీ, రెండు పొరలూ దాటించి స్ట్రోమాలోకి లాగే షాపెరోన్లు అనే సహాయక ప్రోటీన్లకు సుమారు 1 మిల్లీమోలార్ (1000 మైక్రోమోలార్లు) కావాలి. వెలుతురులో హరితరేణువే ఏటీపీ తయారుచేసుకుంటుంది, చీకట్లో ఆ దారి మూసుకుపోతుంది. ట్రాన్సిట్ పెప్టైడ్‌ను కోసే ఎంజైము స్ట్రోమాలో ఉంది, ప్రోటీను అక్కడికి చేరలేదు గనుక 20 అలాగే మిగిలింది, బయట వేలాడుతున్న భాగాన్ని థర్మోలైసిన్ తినేసింది.

రాయగడ మాస్టారు: మైటోకాండ్రియాకు లోపొర మీది విద్యుత్ పీడనం కావాలి, హరితరేణువు పైపొరలకు అది అక్కర్లేదని కూడా రాయండి.

గుణుపురం విద్యార్థిని: ఏటీపీ చాలలేదని రాసి ఇచ్చేస్తాను. ధన్యవాదాలు.

రాయగడ మాస్టారు: పత్రహరితం అన్న మాట కొట్టేశారా?