స్ట్రాట్‌ఫర్డ్ దీపాలకు పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లున్నారా?

ప్రొద్దుటూరు_కిచనర్:
మా అమ్మానాయన కెనడాకు సూపర్ వీసా (ఇక్కడున్నవాళ్ల తల్లిదండ్రులకు ఇచ్చేది) మీద వచ్చి రెండు నెలలైంది. మంచు మొదలైనప్పటి నుంచి గడప దాటలేదు. కిచనర్‌లో మా ఇంటి నుంచి స్ట్రాట్‌ఫర్డ్ 45 కిలోమీటర్లే కదా, ఈ శనివారం అక్కడి చలికాలం దీపాల వేడుక ‘లైట్స్ ఆన్ స్ట్రాట్‌ఫర్డ్’ చూపిద్దామని ఉంది. నాయనకు మోకాళ్ల నొప్పులు, పాపకు రెండున్నరేళ్లు. నడక ఎంత ఉంటుంది? ఎక్కడ మొదలుపెడితే మంచిది?

తెనాలి_కోడలు:
తప్పకుండా తీసుకెళ్లండి. నిరుడు మా అత్తగారిని, మామగారిని తీసుకెళ్లాం. టికెట్ లేదు, గేటూ లేదు. దీపాలు ఊళ్లో అక్కడక్కడా ఉంటాయి కాబట్టి అన్నీ చూసి తీరాలని పెట్టుకోకండి. ముందు సిటీ హాల్ వెనకాల మార్కెట్ స్క్వేర్ చూపించండి. అక్కడ నేల చదును, చుట్టూ కాఫీ షాపులు. పెద్దవాళ్లను ఒక షాపులో కూర్చోబెట్టి, ఓపిక ఉన్నవాళ్లు ఏవన్ నది ఒడ్డుకు, టామ్ ప్యాటర్సన్ ఐలాండ్‌కు వెళ్లిరావచ్చు. ఆ లంకలోకి చిన్న వంతెన మీద నడిచి వెళ్లాలి. మంచు గడ్డకట్టి ఉంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దనే చెప్తాను.

బట్టల గురించి గట్టిగా చెప్తున్నా, అమ్మగారిని చీరతో తీసుకెళ్లకండి. మా అత్తగారు వినలేదు. చీర మీద జాకెట్, కింద మామూలు షూస్. పావుగంటలో కుచ్చిళ్లు బురద మంచులో తడిసి, కారెక్కేసరికి అప్పడంలా బిరుసెక్కాయి. కాళ్లు కొయ్యబారిపోయాయని ఆవిడ ఏడ్చినంత పని చేశారు. నేనే పట్టుబట్టి ఆపాల్సింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. థర్మల్స్, ప్యాంటు, ఊలు సాక్సులు, స్నో బూట్లు వేయించండి. బూట్లు లేకపోతే ఎవరివైనా అడిగి తీసుకోండి.

మంచుదారి:
కిచనర్ నుంచి 7/8 హైవే మీద వెళ్తారు కదా. న్యూ హాంబర్గ్ దాటాక అంతా పొలాలే, గాలికి అడ్డుండదు. హ్యూరాన్ సరస్సు మీంచి గాలి కొడితే ఆ చుట్టుపక్కల వైటౌట్ మామూలే. అప్పటిదాకా బాగున్న రోడ్డు, ఉన్నట్టుండి ముందు కారు వెనక లైట్లు కూడా కనబడవు. బయల్దేరే ముందు ఒంటారియో 511లో రోడ్డు పరిస్థితి చూడండి. బాగోలేదంటే మానేయండి, దీపాలు వచ్చే వారం చూడొచ్చు. వింటర్ టైర్లు లేని కారైతే రాత్రిపూట అసలు వద్దు.

రైలు ఉంది గానీ రోజుకు ఒకటో రెండో. దీపాలు చూసి అదే రాత్రి తిరిగి రావడానికి నమ్ముకోలేం.

లండన్_తెలుగు (మన ఒంటారియో లండనే):
పెద్దవాళ్లకు ఆ ఊరి కథ కూడా చెప్పండి, చూసే చూపే మారిపోతుంది. ఒకప్పుడు అది రైలింజన్లు బాగుచేసే ఊరు. ఆ పని తగ్గిపోతున్న రోజుల్లో ఆ ఊరివాడే, టామ్ ప్యాటర్సన్ అనే జర్నలిస్టు, ఇంగ్లండ్‌లో షేక్‌స్పియర్ పుట్టిన చోటులాగే నది పేరు ఏవన్, ఊరి పేరు స్ట్రాట్‌ఫర్డ్, మరి షేక్‌స్పియర్ నాటకాలు ఇక్కడ ఎందుకు ఆడకూడదన్నాడు. 1953లో పెద్ద డేరా వేసి ఆడారు. 1957లో పక్కా థియేటర్ కట్టినప్పుడు పైకప్పును డేరా గుర్తొచ్చేలానే కట్టారు. ఆ లంకకు పెట్టింది ఆయన పేరే.

నాటకాలు వసంతం నుంచి శరదృతువు దాకానే. చలికాలం హోటళ్లూ షాపులూ బోసిపోతాయి. అందుకే కోవిడ్ ఏడాది, 2020 చలికాలంలో, ఈ దీపాలు మొదలుపెట్టారు. మీరక్కడ ఒక కప్పు టీ తాగినా ఊరికి మేలే. తేదీలు ఏటా మారతాయి, రోజూ వెలుగుతాయనుకోకండి, చూసుకుని వెళ్లండి.

ఇద్దరు_పిల్లల_తల్లి:
స్ట్రోలర్ వద్దండీ. మంచులో చక్రాలు దిగబడిపోతాయి. ప్లాస్టిక్ స్లెడ్ మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టి లాగండి. డిసెంబరులో అయిదింటికే చీకటి కాబట్టి పాప నిద్రవేళకు ఇల్లు చేరొచ్చు. ఫ్లాస్కులో పాలు మరిచిపోకండి.

ప్రొద్దుటూరు_కిచనర్:
వెళ్లొచ్చాం! అందరికీ చాలా థ్యాంక్స్. శనివారం గాలి ఎక్కువుందని ఆగి, ఆదివారం వెళ్లాం. అమ్మకు పక్కింటావిడ బూట్లు సరిపోయాయి. స్లెడ్ మాట బంగారం. మంచు మీద నీలం వెలుగు పడిన చోటల్లా పాప దిగి, పిడికెడు తీసి, చేతిలోకి రాగానే తెల్లగా ఎందుకయిందని అడగడమే.

నాయన స్క్వేర్‌లోనే ఉంటాడనుకున్నా. డేరా కథ కారులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన చిన్నప్పుడు మా ఊళ్లో సురభి వాళ్లు డేరా వేస్తే, రాత్రి నాటకమైతే పొద్దునే వెళ్లి గుంజలు పాతడం చూసేవాడినని చెప్పాడు. సురభి మా కడప జిల్లా ఊరే, 1885లో మొదలైన నాటక సమాజం. ఇంతకాలం నాకు ఆయన ఈ ముచ్చట చెప్పనే లేదు. ఆ థియేటర్ బయట నుంచైనా చూడాలన్నాడు. మూసి ఉన్నా తీసుకెళ్లాను. కారు దిగి, నా భుజం పట్టుకుని, కప్పు కొసలు చూపించి “అవునురా, డేరానే” అన్నాడు.

వాళ్ల తిరుగు ప్రయాణం మే నెలాఖరుకు. అప్పటికి నాటకాలు మొదలవుతాయా? ముందు వరుసలో కాకపోయినా ఆయనకు మాటలు వినిపిస్తాయా?

లండన్_తెలుగు:
మొదలవుతాయి. మీ నాయన చూసిన ఆ డేరా కప్పు థియేటర్‌లో (ఫెస్టివల్ థియేటర్ అంటారు) వేదిక జనం మధ్యలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది, ఏ సీటూ 65 అడుగులకు మించి దూరం ఉండదు. బుక్ చేసేయండి. ఏప్రిల్ మొదట్లో కూడా ఒకసారి రండి, చలికాలం లోపల ఉంచిన హంసలను బ్యాగ్‌పైపులతో ఊరేగింపుగా నదికి తీసుకొస్తారు. పాపకు చూపించాలి.